వెనక తలుపు ముందు బీరువా

ఆ ప్రార్థనా మందిరంలో మూడువందల కుర్చీలుండేవి. వారానికొకసారి జరిగే సామూహిక ప్రార్థనకు నాలుగువందల మంది వచ్చేవారు. మిగిలిన వందమంది ఎక్కడ కూర్చుంటారని ఎవరూ అడిగేవారు కాదు. కొందరు నడవలో కూర్చునేవారు, కొందరు కిటికీ గట్లు ఎక్కేవారు, కొందరు ఇంటి నుంచి మడత కుర్చీ చంకన పెట్టుకొచ్చి ఎక్కడ సందు దొరికితే అక్కడ వేసుకునేవారు. దేవుడి దగ్గర ఇరుకేమిటి, సర్దుకుందాం అనేవారు. మంచి మాటే. కాని మంచి మాటల చాటున దాక్కున్న చెడ్డ అలవాటును పట్టుకోవడం చాలా కష్టం. దాని మీద చెయ్యి వేస్తే, మంచి మాటకే దెబ్బ తగిలిందని అందరూ వచ్చి మీద పడతారు. ఒక ఫైర్ ఇన్‌స్పెక్టర్ మీద అలాగే పడ్డారు.

ఈ ఇన్‌స్పెక్టర్ నెమ్మదైన మనిషి. మంటలంటే భయం లేదు గాని అత్తగారంటే ఉంది. భార్యతో కలిసి అత్తగారింటి మేడ మీదే కాపురం. ప్రార్థన రోజున ఆవిడ అందరికన్నా ముందు వెళ్లి, మొదటి వరసలో ఒక కుర్చీ మీద శాలువా, ఒకదాని మీద గొడుగు వేసి కూతురికీ అల్లుడికీ చోటు పట్టేవారు. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ చూసే చూపు వారం రోజులు పనిచేసేది.

ఒకరోజు ప్రార్థన నడుమ గురువుగారు అందరినీ కళ్లు మూసుకుని మౌనంగా ఉండమన్నారు. ఆయనకు ఎనభై దాటాయి, మోకాళ్లు పనిచెయ్యవు. ఇద్దరు కార్యకర్తలు చెరో రెక్క పట్టుకుని వేదిక మీది కుర్చీలో కూర్చోబెట్టేవారు, మళ్లీ వాళ్లే లేపేవారు. నాలుగువందల మంది ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ క్షణంలో ఇన్‌స్పెక్టర్ జేబులో ఫోను మోగింది.

అతను గబుక్కున లేచాడు. సింహద్వారం వైపు చూశాడు. ముప్పై వరసల అవతల ఉంది, మధ్యలో నడవ నిండా మనుషులు. వేదిక పక్కన వెనక తలుపు ఉందని గుర్తొచ్చి అటు పరిగెత్తాడు. అక్కడ తలుపు లేదు. నిలువెత్తు టేకు బీరువా ఉంది. నిండా ప్రార్థన పుస్తకాలు. వేదికకూ గోడకూ నడుమనున్న ఆ సందులో బిరడా కొట్టినట్టు బిగిసి ఉంది. ఫోను అరుస్తూనే ఉంది. అతను బీరువా వెనక్కి చెయ్యి దూర్చి తడిమాడు. వేళ్లకు చల్లగా గడియ తగిలింది. తలుపు అక్కడే ఉంది, బీరువా వెనకాల.

బీరువా తలుపు మీద ఇత్తడి పలక, పలక మీద ఫొటో. ఫొటోలోంచి పోయిన మామగారు చిరునవ్వుతో అతన్నే చూస్తున్నారు. ఏడాదిన్నర కింద అత్తగారు ఆయన జ్ఞాపకార్థం చేయించి ఇచ్చిన బీరువా అది. ఆవిష్కరణ నాడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఈ అల్లుడే. ఆ రోజు బీరువానే చూశాడు గాని వెనకున్న తలుపును చూడలేదు.

పక్కనే గోడకు అద్దం కట్టించిన కాగితం వేలాడుతోంది. అగ్నిమాపక శాఖ వారి ధ్రువపత్రం. "ఈ భవనమును స్వయముగా తనిఖీ చేసి, బయటికి పోవు మార్గములు రెండు కలవని నిర్ధారించడమైనది." కింద సంతకం. చక్కటి గుండ్రని అక్షరాలు. అతనివే.

ఫోను ఎలా ఆపాడో, కుర్చీలో ఎలా వచ్చి పడ్డాడో అతనికి తెలియదు. అత్తగారి చూపు కూడా తగల్లేదు. పోయినేడు ఆ కాగితం తన బల్ల మీదికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. టీ తాగుతూ, "ఇదా, మన మందిరమే కదా" అనుకుని గీకి పడేశాడు. "స్వయముగా" అన్న మాట అచ్చులోనే ఉంటుంది, దాన్నెవరూ చదవరు.

అతను కళ్లు మూసుకున్నాడు గాని ప్రార్థన సాగలేదు. పన్నెండేళ్ల కింద ఒక బట్టల కొట్లో నిప్పంటుకుంది. పెద్ద మంట కూడా కాదు, పావుగంటలో ఆర్పేశారు. కాని కొట్టు వెనక తలుపుకు అడ్డంగా బట్టల బేళ్లు పేర్చి ఉన్నాయి. ఆ బేళ్లు లాగాక వాటి వెనక ముగ్గురు కనిపించారు. వాళ్లను బయటికి మోసుకొచ్చిన చేతుల్లో రెండు ఇతనివి. ఇప్పుడు తన పక్క కుర్చీలో భార్య ఉంది, ఆ పక్కన అత్తగారు ఉన్నారు, వెనకాల నాలుగువందల మంది ఉన్నారు. తలుపు మాత్రం ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే కాఫీల వేళ భార్యకు సంగతి చెప్పాడు.

"అమ్మతో మీరే చెప్పుకోండి. నేను మాత్రం ఊళ్లో లేననుకోండి" అని ఆమె గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగి, గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, ఆ బీరువా భలేగా ఉంటుందండీ" అన్నాడు.

ఆవిడ ముఖం విచ్చుకుంది. "మరేమనుకున్నారు అల్లుడుగారూ! వడ్రంగిని మందిరంలోనే కూర్చోబెట్టి పది రోజులు చేయించాను."

"కాస్త జరిపితే ఇంకా బాగుంటుందేమోనండీ."

"ఎటు?"

"ఒక వైపని కాదండీ."

"ఎంత జరపాలి?"

"బయటిదాకానండీ."

ఆవిడ ఏమీ అనలేదు. అనేసి ఉంటే అక్కడితో పోయేది. ఆ పూట నుంచి అల్లుడితో మాటలు బందు. ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చునేవారు.

"మీ ఆయనకి ఇంకాస్త అన్నం కావాలేమో అడగవే."

"చాలని చెప్పు మీ అమ్మకి."

"మామగారి బీరువా అయితే అడ్డొచ్చింది గాని, మామగారు కట్టించిన ఇల్లు అడ్డు రాలేదా అని కూడా అడుగు."

"అబ్బబ్బా! ఇద్దరి మధ్యా ఉప్పు డబ్బా ఒక్కటే ఉంది. మీరూ మీరూ మాట్లాడుకోండి. నా మెడ నొప్పెడుతోంది" అని కూతురు తల పట్టుకునేది.

అయినా ఇన్‌స్పెక్టర్ నోటీసు రాశాడు. పదిహేను రోజుల్లో వెనక తలుపుకు అడ్డు తీసెయ్యాలి, లేకపోతే ధ్రువపత్రం రద్దవుతుంది. స్వయముగా వెళ్లి మందిర సంఘం అధ్యక్షుడి చేతికిచ్చాడు. అధ్యక్షుడికి మందుల షాపుంది. ఎవరేం చెప్పినా ముందు జాలిగా చూసి తర్వాత వినే అలవాటు.

"దేవుడున్న చోట నిప్పేం చేస్తుందండీ ఇన్‌స్పెక్టర్ గారూ?" అన్నాడు, నోటీసును మందుల చీటీలా అటూ ఇటూ తిప్పి.

ఇన్‌స్పెక్టర్ నీళ్లు నమిలి వచ్చేశాడు. సరైన జవాబు షాపు మెట్లు దిగి, రోడ్డు దాటి, సైకిలు తాళం తీస్తుంటే తట్టింది. దేవుడున్నాడు కదా, మరి రోజూ మందిరానికి తాళం ఎందుకు వేయిస్తున్నారండీ అని అడగాల్సింది. వెనక్కి వెళ్లి అడుగుదామనుకున్నాడు. అప్పటికే షాపులో దగ్గుమందుకు నలుగురు నిలబడి ఉన్నారు. అడగలేదు.

రెండు రోజుల్లో సంఘం పెద్దలు ఇన్‌స్పెక్టర్ పై అధికారిని కలిశారు. ఆయన వెంటనే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించాడు.

"ఏమయ్యా, ఊళ్లో ఇంకేం దొరకలేదా నీకు? మతం జోలికి ప్రభుత్వం పోకూడదని తెలీదూ?"

"మతం జోలికి పోలేదు సార్. బీరువా జోలికే పోయాను."

"అదే బీరువా ఏ సినిమా హాల్లోనో ఉంటే నేనూ నీ వెంట ఉండేవాణ్ని. ఎన్నికలు దగ్గరికొస్తున్నాయి. అక్కడ నాలుగువందల ఓట్లున్నాయి. మంత్రిగారి దాకా పోతుంది."

"ఆ నాలుగువందల ఓట్లూ ఒక్క తలుపులోంచే బయటికి రావాలి సార్."

పై అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పోయినేడు సంతకం పెట్టింది నువ్వే కదా? అప్పుడు కనపడని బీరువా ఇప్పుడెలా కనపడిందని వాళ్లడుగుతున్నారు. ఏం చెప్పను?"

దానికున్న ఒక్క జవాబూ చెప్పేటంత ధైర్యం ఇన్‌స్పెక్టర్‌కి అప్పటికింకా రాలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది. వచ్చే ప్రార్థన అయిపోగానే గంట కొడతారు. అందరూ మూడు నిమిషాల్లో బయటికొస్తే నోటీసు వెనక్కి తీసుకుంటారు. ఆ మాట చెప్పగానే అధ్యక్షుడు పకపకా నవ్వాడు. "మూడెందుకండీ, రెండు చాలు. మా వాళ్ల క్రమశిక్షణ మీకు తెలీదు."

ఆ రోజు రానే వచ్చింది. ఫొటోలు తీస్తారని ఎవరో పుట్టించడంతో అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ప్రార్థన ముగిసింది. ఇన్‌స్పెక్టర్ సింహద్వారం దగ్గర నిలబడి గంట కొట్టాడు.

ఒక్కరూ లేవలేదు. అధ్యక్షుడు ఇంకా మాట్లాడలేదు కదా, ఆయన మాట్లాడకుండా ఆ మందిరంలో ఏ కార్యక్రమమూ మొదలైంది లేదు. ఆయన మైకు అందుకున్నాడు. "అందరూ క్రమపద్ధతిలో కదలాలి. ముందు పెద్దలు, తర్వాత దాతలు. దాతల్లో ఫ్యాన్లు ఇచ్చినవారు ముందు, కుర్చీలు ఇచ్చినవారు తర్వాత..."

ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. అతని సిబ్బంది కరెంటు తీసేశారు. నిజంగా నిప్పంటుకుంటే మొదట పోయేది అదే. మైకు ఆగిపోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, తెరలు దించిన హాలంతా మసక చీకటైంది. ఎవరో "అమ్మో!" అన్నారు. అంతే, క్రమపద్ధతి అక్కడితో సరి.

నాలుగువందల మంది ఒక్కసారి సింహద్వారం మీద పడ్డారు. ఒక భారీ మనిషి తన మడత కుర్చీని వదల్లేక, దాంతో సహా గుమ్మంలో ఇరుక్కుపోయాడు. కుర్చీ విప్పుకుంది. మైకు మనిషి వైరు ఎవరైనా తొక్కుతారని నడవలో వంగి చుట్టలు చుట్టుకోసాగాడు; అతని మీంచి పదిమంది దూకారు, పదకొండో ఆయన దూకలేకపోయాడు. ఒకావిడ బయటిదాకా వెళ్లి గొడుగు గుర్తొచ్చి ఎదురీదుతూ లోపలికి వచ్చింది. ఇంకొకడు గుమ్మంలోనే నిలబడి ఫోను ఎత్తి, "తోసుకోకండి, ఒక్కసారి ఇటు చూడండి" అంటూ వీడియో తీస్తున్నాడు. అధ్యక్షుడు పెద్దల్లో పెద్ద కాబట్టి అందరికన్నా ముందే బయటపడి గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

ఆఖరి మనిషి గుమ్మం దాటేసరికి పదకొండు నిమిషాలైంది.

"అందరూ వచ్చేసినట్టే!" అన్నాడు అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ. "మూడంటే మూడే కాకపోవచ్చు, కాస్త అటూ ఇటూ. ఒక్కరికి దెబ్బ తగిలిందా? అదీ దైవకృప!"

ఇన్‌స్పెక్టర్ గుంపును చూస్తున్నాడు. భార్య కనపడింది, జుట్టు రేగిపోయి, ఎవరిదో చెప్పు చేతిలో పట్టుకుని. ఆమె కూడా అటూ ఇటూ వెతుకుతోంది. "ఏవండీ, అమ్మ ఏదీ?"

ఇన్‌స్పెక్టర్ కార్యకర్తలిద్దరి వైపు తిరిగాడు. "గురువుగారేరీ?"

కార్యకర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నువ్వు తెచ్చావనుకున్నానురా" అన్నాడొకడు. "నేనూ అదే అనుకున్నా" అన్నాడు రెండోవాడు. గుంపులో అప్పటిదాకా వినపడుతున్న నవ్వులు ఆగిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ టార్చి పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. గురువుగారు వేదిక మీద తన కుర్చీలో, ఎలా కూర్చోబెట్టారో అలాగే ఉన్నారు. వేదిక పక్కన అత్తగారు కొంగు నడుముకి బిగించి, భుజం ఆనించి, పళ్లు బిగబట్టి బీరువాను నెడుతున్నారు. ముఖమంతా చెమట. బీరువా వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

వెలుతురు పడగానే ఆవిడ తిరిగి చూశారు. మూడు వారాల్లో మొదటిసారి అతనితో మాట్లాడారు.

"అల్లుడూ, ఇది కదలట్లేదయ్యా" అన్నారు. ఎప్పుడూ వదలని "గారు" ఆ గొంతులో ఎక్కడో తప్పిపోయింది. "గురువుగారిని వదిలేసి ఎలా వస్తాను? అటు చూస్తే జనం. ఇటు చూస్తే ఇది."

ఇన్‌స్పెక్టర్ గురువుగారిని వీపున వేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఖాళీ కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి తెచ్చాడు.

వాళ్లను మెట్ల మీద చూసి గుంపు తలలు దించుకుంది. అధ్యక్షుడికి మాత్రం మాట దొరికింది. "ఇదంతా మన మందిరం మీద కక్ష కట్టి చేసిన పని. నిరుడు ఈ సర్కారు వారే బాగుందని రాసివ్వలేదా?"

అప్పుడొచ్చింది ఇన్‌స్పెక్టర్‌కి ఆ ధైర్యం. గురువుగారిని మెట్టు మీద కూర్చోబెట్టి నిలబడ్డాడు.

"నిరుడు రాసిచ్చింది నేనేనండీ. ఇక్కడికి రాకుండానే రాశాను. వేరేవాళ్ల భవనమైతే వచ్చి చూసేవాణ్ని. ఇది మనది కదా అని చూడలేదు. మనదైతే ఇంకో రెండుసార్లు చూడాల్సింది. తప్పు బీరువాది కాదు, మా అత్తగారిది అసలే కాదు. సంతకం నాది, తప్పూ నాదే. మా పై అధికారికి రేపు ఇదే రాసిస్తాను."

అత్తగారు పైట చెంగుతో ముఖం తుడుచుకుని ముందుకొచ్చారు.

"మా ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. 'తలుపు దగ్గర నిలబడకండి బాబూ, దిగేవాళ్లకి దారివ్వండి' అని రోజూ అరిచి అరిచి ఇంటికొచ్చేవారు, గొంతు బొంగురు పోయేది. అలాంటి మనిషిని తీసుకొచ్చి తలుపుకే అడ్డంగా నిలబెట్టాను. రేపే వడ్రంగిని పిలవండి" అన్నారు. తర్వాత కూతురి వైపు తిరిగి, అలవాటు కొద్దీ, "మీ ఆయనకి మంచినీళ్లు కావాలేమో అడగవే" అని, నాలిక్కరుచుకుని, "అల్లుడుగారూ, మంచినీళ్లు తాగుతారా?" అని అడిగారు.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో అధ్యక్షుడి కోపం కూడా చల్లబడింది. ఆయనే వెళ్లి నీళ్లు తెచ్చాడు.

బీరువా తియ్యడం మాత్రం తేలిగ్గా కాలేదు. లోపలే చేసింది కాబట్టి ఏ తలుపులోంచీ పట్టలేదు. వడ్రంగి దాన్ని ముక్కలుగా విప్పి, పక్క గదిలో గోడకు నాలుగు అలమరలు బిగించాడు. ఇన్‌స్పెక్టర్ రాసిచ్చిన కాగితానికి మెమో వచ్చింది, ఆ ఏడు రావలసిన ప్రమోషను ఆగింది. ఇంట్లో ఆ సంగతి తెలిసి భార్య రెండు రోజులు దిగులుపడింది. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ, "మా అల్లుడికి మెమో వచ్చిందండీ" అని పతకం వచ్చినట్టు చెప్పుకున్నారు.

ఒక్క మందిరంతో ఆగితే కక్షే అవుతుందని ఇన్‌స్పెక్టర్ ఊళ్లోని మిగతా ప్రార్థనా స్థలాలన్నీ తిరిగాడు. వేరు వేరు మతాల వారివి. ఒకచోట వెనక తలుపు ముందు నిచ్చెనలు, ఒకచోట చాపల కట్టలు, ఒకచోట పాత మైకు పెట్టెలు. దేవుళ్లు వేరైనా సామాను పెట్టే చోటు మాత్రం అందరికీ ఒక్కటే. అందరూ అదే ప్రశ్న అడిగారు, దేవుడున్న చోట నిప్పేం చేస్తుందని. ఈసారి తాళం సంగతి అక్కడికక్కడే అడిగేశాడు. చివరికి పై అధికారి ఆఫీసుకు కూడా నోటీసిచ్చాడు. అక్కడ వెనక తలుపు ముందు పదేళ్ల పాత ఫైళ్లున్న ర్యాకు ఉంది. ఆ ఫైళ్లన్నీ అగ్ని భద్రతకు సంబంధించినవే. పై అధికారి నోటీసు చదివి, తానే ఒక చివర పట్టుకుని ర్యాకు జరిపించాడు.

ఇదంతా జరగకముందే, గంట మోగిన మరుసటి వారం ప్రార్థన నాడు, మందిరం వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అందులోంచి వచ్చే గాలికి మొదటి వరసవాళ్ల పుస్తకాల పేజీలు రెపరెపలాడుతున్నాయి. మూడువందల మంది లోపల, మిగిలినవాళ్లు ఆరుబయట పందిట్లో కూర్చున్నారు. ఆ రోజు గురువుగారు ఎక్కువసేపు బోధించలేదు.

"పోయినసారి మీరంతా బయటికి పరిగెత్తాక నేనిక్కడ ఒక్కణ్నే కూర్చుని ఆలోచించాను" అన్నారు. "ఒక్కణ్నే అంటే తప్పు, ఈ అమ్మ ఉంది. ఆ పూటే మీరు నా ఆయుష్షు కోసం ప్రార్థన చేశారు. గంట మోగేసరికి నన్ను మరిచిపోయారు. మిమ్మల్ని తప్పు పట్టను. భయం అలాంటిది. భయం వేసినప్పుడు మంచితనం గుర్తుండదు కాబట్టే, తీరిగ్గా ఉన్నప్పుడే కూర్చుని చట్టాలు రాసుకున్నాం. ప్రభుత్వం మన ప్రార్థనలో వేలు పెట్టకూడదు. నిజమే. కాని మన ప్రార్థన పేరు చెప్పుకుని, మనుషులుగా చెయ్యాల్సిన పని మనం ఎగ్గొట్టకూడదు. సర్కారు మనిషి 'మనవాళ్లే కదా' అని కళ్లు మూసుకోకూడదు, మనం 'దేవుడున్నాడు కదా' అని చేతులు ముడుచుకోకూడదు."

ఆయన తెరిచి ఉన్న వెనక తలుపు వైపు చెయ్యి చూపారు.

"దేవుణ్ని నమ్మడం మన ఇష్టం. పక్కమనిషి ప్రాణానికి పూచీ పడటం మన బాధ్యత. ఆ బాధ్యత ఎగ్గొట్టినవాడి నమ్మకాన్ని దేవుడు కూడా నమ్మడు."